ఎవరూ గొడవపడని గోలు

ఆ రోజుల్లో రెఫరీ ఊదిన ఒక్క సీటీ మా ఊరికి వారం రోజులు సరిపోయేది. ఇప్పుడు టీవీలో ఫుట్‌బాల్ చూస్తుంటే, రెఫరీకి అనుమానం వచ్చిందంటే చాలు, పరుగెత్తుకుంటూ పోయి గీత పక్కనున్న తెరలో చూసుకుని వస్తాడు. చెయ్యి తగిలిందా లేదా, కాలు ముందుందా వెనకుందా, అక్కడికక్కడే తేలిపోతుంది. తేలిపోయాక ఇంక మనుషులు మాట్లాడుకోవడానికి ఏముంటుంది? (ఈ మాట మా ఇంట్లో ఎవరితోనైనా అందామంటే నేను తప్ప ఆ ఆట చూసేవాళ్లు లేరు. కాబట్టి సోఫాతోనే అంటుంటాను.) మా మందమర్రిలో బొగ్గు గనిని బాయి అంటారు. బాయి మూడు షిఫ్టులు నడిచేది, ఆట మీద తగువు కూడా మూడు షిఫ్టులు నడిచేది. బాయి గేటుకెదురుగా చాయ్ పెద్దమ్మ హోటలుండేది. పని దిగి వచ్చేవాళ్లూ పనికి పోయేవాళ్లూ అక్కడే కలుసుకునేవారు. మొదటి షిఫ్టు వాళ్లు చాయ్ తాగి, తగువు ఎందాకా వచ్చిందో రెండో షిఫ్టు వాళ్లకు అప్పజెప్పి ఇళ్లకు పోయేవారు. వాళ్లు దాన్ని బాయిలోకి తీసుకుపోయి, బొగ్గుతో పాటు దాన్నీ ఇంకాస్త తవ్వి, రాత్రి షిఫ్టు వాళ్లకు ఇచ్చేవారు. తెల్లారేసరికి అది పైకి వచ్చినప్పుడు, ఆడిన మాకే అది మేం ఆడిన మ్యాచేనా అని అనుమానం కలిగేది.

అప్పటికి నేను ఐటీఐ పూర్తి చేసి, పనేమీ లేక, మా కాలనీ జట్టులో ఆడుతుండేవాణ్ణి. మా మేనమామ కొడుకు కూడా అదే జట్టు. చాలా పొడుగు కాబట్టి అందరూ అతన్ని లంబు అనేవారు. నాకు వరసకు బావ. నాకంటే ఎత్తు, నాకంటే రంగు, నాకంటే నవ్వు బాగుంటుంది. మా అమ్మను అవ్వ అంటాం, ఆమెకు సొంత మేనల్లుడు కావడం చేత కూర వండితే ముక్కలు ముందు అతనికే పడేవి. ఇవన్నీ నేను లెక్కలోకి తీసుకునేవాణ్ణి కాదని చెప్పుకుంటూ అన్నీ లెక్క పెట్టుకునేవాణ్ణి. మా నాన్న, అంటే మా బాపు, బాయిలో మోటారు నడిపేవాడు. ఆయన నోట ఒక్కసారి, పదిమందిలో, నా ఆట గురించి ఒక మంచి మాట వినాలని నాకు చచ్చేంత కోరిక. ఆయన ఎప్పుడు నోరు తెరిచినా "మా అల్లుడు ఎగిరిండంటే బంతి గాల్లనే ఆగుతది" అనేవాడు. నా సంగతి వచ్చేసరికి "వీడు గూడ ఆడుతడు" అని ఊరుకునేవాడు.

ఆ ఏడు కాలనీల కప్పులో మాకూ పాత బాయి కాలనీకీ సెమీఫైనల్ పడింది. బాపుది ఆ వారం రెండో షిఫ్టు, చూడ్డానికి రాలేదు. రెఫరీ మా సీటీ చాచా. ఆయన ల్యాంపురూంలో పని చేసేవాడు, అంటే బాయి దిగే ప్రతి ఒక్కరికీ టోపీకి పెట్టుకునే లైటు కిటికీలోంచి అందించేవాడు. అన్ని కాలనీల వాళ్లూ ఒప్పుకునే రెఫరీ ఆయనొక్కడే. మొదటి సగంలో మాకు కార్నర్ దొరికింది. బంతి గాల్లోకి లేచింది, లంబు బావ కూడా లేచాడు, సరిగ్గా అప్పుడే గ్రౌండు పక్క రోడ్డు మీద బొగ్గు లారీ ఒకటి పోయి నల్లటి దుమ్ము లేపింది. దుమ్ము అణిగేసరికి బంతి గోల్‌పోస్టుల అవతల ఉంది. చాచా గోల్ ఇచ్చాడు. తల తగిలిందా, చెయ్యి తగిలిందా అన్నది ఎవరూ చూడలేదు, కాబట్టి అందరూ తాము చూశామన్నారు. తరవాత పాత బాయి వాళ్లు ఒకటి కొట్టి సమానం చేశారు. ఇంక ఆట అయిపోవస్తుందనగా బంతి నా కాళ్లకు వచ్చింది. ఇద్దరిని తప్పించాను, గోల్‌కీపర్ని ఎడమకు పంపి బంతిని కుడికి కొట్టాను. లారీ లేదు, దుమ్ము లేదు, ఎండ నా వీపు మీదుంది. నా జీవితంలో అంత శుభ్రమైన పని నేను మళ్లీ చెయ్యలేదు. దాంతోనే మేం గెలిచాం.

మరుసటి రోజు మధ్యాహ్నం బాపు టిఫిన్ డబ్బా నేనే పట్టుకుని ఆయన వెంట హోటలుకు పోయాను. (అవ్వకు ఆశ్చర్యమేసింది. అంతకుముందు నేను ఆ డబ్బా కడిగి ఎరగను.) షిఫ్టు మారే వేళ, హోటలు కిక్కిరిసి ఉంది. లోపల జరుగుతున్నదంతా లంబు బావ గోలే. ఒకాయన మిర్చిబజ్జీని చెయ్యిగా, పెద్దమ్మ తలను లంబు తలగా చూపిస్తూ ఎక్కడ తాకిందో వివరిస్తున్నాడు. పెద్దమ్మ కదలకుండా నిలబడి చాయ్ పోస్తోంది. "మోచెయ్యికి తాకింది, నా కండ్లతోని జూసిన," అన్నాడు పాత బాయి ఆయన. "నువ్వు గప్పుడు బీడీ ముట్టిచ్చుకుంటున్నవ్, నేను జూసిన," అన్నాడు మా కాలనీ ఆయన. బాపు చాయ్ గ్లాసు పక్కన పెట్టి బల్ల గుద్దాడు. "మ్యాచ్ నేను జూడలే. గని మా అల్లుడు గసొంటోడు కాదు." చూడని మ్యాచ్‌లో బావ కోసం బల్ల గుద్దిన చెయ్యిని నేను అలాగే చూస్తూ నిలబడ్డాను. "లంబుది తీసేస్తే మ్యాచ్ సమానం అయితది గదా," అని ఎవరో అన్నారు. నాది తీసేసినా సమానమే అవుతుంది. కానీ నాది తీసేసే నాథుడే లేడు. అందరూ చూశారు, అందరూ ఒప్పుకున్నారు, ఇంక దాని గురించి చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. అయినా ఉండబట్టలేక, "బాపూ, నేను గూడ ఒక గోల్ కొట్టిన," అన్నాను. "ఆఁ, చెప్పిన్రు. మంచిగనే కొట్టినవట," అని, ఆయన మళ్లీ మోచెయ్యి దగ్గరికి వెళ్లిపోయాడు.

సైరన్ కూసింది, బాపు లోపలికి పోయాడు. నేను ఇంటికి పోవాల్సింది. పోలేదు. కడుపులో మంట చాయ్‌తో చల్లారేది కాదు గదా. బల్ల చివర కూర్చుని, ఎవరినీ చూడకుండా, "నాకైతే గా రెండో గోల్ మీదనే డౌటున్నది. నేను జర ఆఫ్‌సైడ్ల ఉన్ననేమో," అన్నాను. (పాస్ వచ్చే వేళకే అవతలి జట్టును దాటి ముందు నిలబడితే ఆఫ్‌సైడ్, ఆ గోల్ చెల్లదు.) మా కాలనీ పెద్దమనిషి ఒకాయన నా భుజం తట్టాడు. "ఫికర్ చెయ్యకు పిలగా. నేను గక్కడ్నే నిలబడ్డ, నువ్వు మంచిగనే ఉన్నవ్." అని అటు తిరిగి, "ఆఁ, మోచెయ్యికి పైనా, కిందా?" అని అందుకున్నాడు. నా పరువు నేను తీసుకోవడం కూడా నాకు చేతకాలేదు. కానీ పాత బాయి ఆయన చెవులు మాత్రం నిక్కపొడుచుకున్నాయి. చాయ్ గ్లాసు పట్టుకుని నా పక్కకు జరిగాడు. "ఏమన్నవ్ తమ్మీ? మల్ల జెప్పు." నా గోల్ గురించి నన్ను అడిగిన మొదటి మనిషి ఆయన. ఆ సంబురంలో నేను బల్ల మీద చాయ్ చుక్కలతో గ్రౌండు గీశాను, గోల్‌కీపర్ని పెట్టాను, నన్ను నేను ఒక అడుగు ముందుకు జరుపుకున్నాను. ఆయన ఇంకో చాయ్ చెప్పాడు. ఇంకో అడుగు జరుపుకున్నాను.

మిగతా పని షిఫ్టులు చూసుకున్నాయి. రాత్రి షిఫ్టులో నేను నాలుగడుగులు ముందున్నాను. తెల్లారి మొదటి షిఫ్టులో గోల్‌కీపర్ వెనకాలే నిలబడి ఉన్నాను. నేను రోడ్డు మీద పోతుంటే జనం ఆగి చూస్తున్నారు. "గా ఆఫ్‌సైడ్ పిలగాడు గీడే," అని ఒకామె ఇంకొకామెకు చూపించింది. నాకు నేల మీద కాలు ఆనలేదు. లంబు బావ స్వయంగా ఇంటికొచ్చి, "బామ్మర్దీ, నిజంగనే ఆఫ్‌సైడా? నాకైతే గట్ల కనవడలే," అన్నాడు. అతని మొహంలో కాస్త దిగులు చూసి ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అయితే అదే షిఫ్టుల్లో ఇంకో మాట కూడా పెరుగుతోందని నాకు తెలియదు. అంత ఆఫ్‌సైడ్ చాచాకు ఎందుకు కనబడలేదు? దసరా నాడు ఆయన మా ఇంట్లో మటన్ తిన్నాడు కాబట్టి. (తిన్నమాట నిజమే. ఆ రోజు ల్యాంపురూం మొత్తం తిన్నది.)

మూడో రోజు పొద్దున చాచా మా ఇంటికి వచ్చాడు. బాపు వాకిట్లో మంచం మీద చాయ్ తాగుతున్నాడు. చాచా కూర్చోలేదు. జేబులోంచి సీటీ తీసి మంచం మీద పెట్టాడు. "అన్నా, ఇగ నాతోని గాదు. ల్యాంపు కోసం వచ్చినోడల్లా కిటికీల తల వెట్టి అంటుండు, చాచా, గీ లైటు గ్రౌండుకు గూడ తీస్కపోరాదు, జర కండ్లు కనవడతయ్ అని. నవ్వులాటకంటె నేను గూడ నవ్వుతుంటి. నిన్న ఒకడు మటన్ ముచ్చట తీసిండు. ఆదివారం ఫైనల్‌కు ఇంకొకల్ని సూస్కోన్రి." ఇంకొకరు లేరని ముగ్గురికీ తెలుసు. అప్పుడు నా వైపు తిరిగాడు. "నువ్వే చెప్పు బేటా. నువ్వన్నవనే అందరంటున్నరు. ఆఫ్‌సైడ్ల ఉన్నవా?"

"లేను చాచా."

"మరి గట్లెందుకన్నవ్?"

తల వంచుకుని ఉన్నదే చెప్పాను. "ఎవ్వలు అంటలేరు చాచా. అందరు బావ గోల్ ముచ్చటనే."

పొయ్యి దగ్గర అవ్వ చేతిలో గరిటె ఆగిపోయింది. బాపు చెయ్యి లేస్తుందని నేను బుగ్గ సిద్ధం చేసుకున్నాను. చాచా మాత్రం మంచం అంచున కూర్చున్నాడు. "మంచి గోల్ ముచ్చట ఎవ్వడు దీస్తడు బేటా," అన్నాడు. "గిన్నేండ్ల సంది సీటీ ఊదుతున్న. చాచా, ఇయ్యాల మంచిగ ఊదినవని ఒక్కడు అనలే." బాపు లేచి, తన చాయ్ ఆయన చేతిలో పెట్టి, చొక్కా తొడుక్కున్నాడు.

ఆ మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ బాపు నన్ను పెద్దమ్మ హోటల్లో బెంచీ ఎక్కించాడు. రెండు షిఫ్టుల జనం, కిటికీ దగ్గర చాచా. "ఎట్ల కొట్టినవో మొత్తం చెప్పు. ఒక్క ముక్క ఎక్కువ గావద్దు, తక్కువ గావద్దు," అన్నాడు బాపు. నేల చూపులు చూస్తూ మొదలుపెట్టాను. ఇద్దరిని తప్పించిన దగ్గరికి వచ్చేసరికి తల దానంతటదే పైకి లేచింది. గోల్‌కీపర్ ఎడమకు పోయాడనగానే బీడీలు నోటి దాకా వచ్చి ఆగాయి. ఆఫ్‌సైడ్ కాదని, చాచాది సరైన సీటీ అని నొక్కి చెప్పాను. అందరూ తలలూపారు. అంతమందిలో బాపు నన్నే చూస్తున్నాడు. నేను అడిగిన దానికంటే ఎక్కువే దొరికింది. ఇంక దిగుదామనుకుంటుండగా వెనకనుంచి ఒకడు, "గంత మంచిగున్నది గని, పాస్ ఎవ్వలిచ్చిన్రు?" అన్నాడు.

అబద్ధమాడే వీలు లేదు, బాపు పక్కనే ఉన్నాడు. "లంబు బావ," అన్నాను.

"ఆఁ, లంబు. అయితె గా మొదటి గోలప్పుడు మోచెయ్యి..." అంటూ హోటలంతా ఎటు తిరిగేదో అటే తిరిగిపోయింది. నేను బెంచీ మీదే ఉండిపోయాను. సైరన్ కూసింది. బాపు నా చేతిలోంచి డబ్బా తీసుకుంటూ, మెల్లగా, నాకొక్కడికే వినబడేట్టు అన్నాడు. "నువ్వు ఆడిన ప్రతి మ్యాచ్ అయినంక గిక్కడ గూసున్న రా నేను. నీ గోల్ మీద ఒక్కడన్న నోరు జారితె లేసి కొట్లాడుదమని. నువ్వే అనేదాక ఎవ్వడు ఏమనలే. నేనేం మాట్లాడాలె మరి?" అని గేటు లోపలికి పోయాడు. ఆదివారం ఫైనల్‌కు చాచానే సీటీ ఊదాడు. మేం ఏ తగువూ లేకుండా ఓడిపోయాం, కాబట్టి ఆ ఫైనల్ ఇప్పుడెవరికీ గుర్తులేదు.

మొన్న మంథనిలో ఒక పెండ్లికి పోతే లంబు బావ కలిశాడు. వంగిపోయాడు, జుట్టు లేదు, నవ్వు మాత్రం ఇంకా నాకంటే బాగుంది. పక్కపక్కన కూర్చుని తింటున్నాం. ఎదుటి వరసలోంచి మా పాత ఊరివాడొకడు, "లంబన్నా, ఇప్పుడన్న చెప్పరాదు, తలనా చెయ్యా?" అన్నాడు. బావ ఆకులోకి చూస్తూ అన్నం కలిపాడు. "సూసినవా బామ్మర్దీ," అన్నాడు నాతో. "నౌకరికి పోతె అడిగిన్రు. నా పెండ్లిల అడిగిన్రు, పీటల మీద. మా బాపు సచ్చిపోయిన్నాడు పలకరియ్య వచ్చినోడు గూడ పోతపోత అడిగిండు. నీదే నయం. నువ్వు కొట్టినవంటె కొట్టినవ్, గంతే. నిన్ను జూస్తె నాకు ఎంత కుళ్లుండెనో నీకు తెల్వది."

ఇన్నేళ్లు అతని మీద నేను పడ్డ అసూయంతా అతను ఒక్క మాటతో తిరిగి నా చేతిలోనే పెట్టినట్టయింది. అతన్ని ఓదార్చాలనిపించింది, ఒక మంచి మాట అనాలనిపించింది. పీటల మీద కూడా అడిగారా అని మాత్రం మనసులో ఎక్కడో చురుక్కుమంది (నా పెండ్లిలో నన్నెవరూ ఏమీ అడగలేదు). అతని మోకాలి మీద చెయ్యి వేశాను. తీరా నోరు తెరిస్తే వచ్చిన మాట వేరే.

"ఇంతకు, తలనా చెయ్యా బావా?"

బావ నన్ను చూశాడు. ముందు కోపంగానే చూశాడు, తరవాత నవ్వొచ్చి పొలమారింది. నేనే నీళ్లు అందించాను. అతను తాగి, లేచి, చెయ్యి కడుక్కోవడానికి పోయాడు. ఈ వయసులో కూడా నేను ఆ చెయ్యి వంకే చూస్తూ కూర్చున్నాను.