గని కార్మికుడి కొడుకుని కాను

నేనొక చచ్చిపోయిన మనిషిని దొంగిలించాను. ఆ బరువు మోస్తూనే ఇన్నేళ్ళూ తిన్నాను, నవ్వాను, ప్రమోషన్ తీసుకున్నాను. నా భార్యకి కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి.

మాది గోదావరి జిల్లా. బహ్రెయిన్‌లో ఒక మెయింటెనెన్స్ కంపెనీలో కోఆర్డినేటర్‌గా చేరాను. ఆఫీసు మనామాలో, వర్క్‌షాపూ స్టోరూ సల్మాబాద్‌లో. కొంతకాలానికి ఫ్రాన్స్ నుంచి కొత్త జనరల్ మేనేజర్ వచ్చాడు. ఎటియెన్. ఆయన గదిలో, మనం దేవుడి పటం పెట్టుకునే చోట, ఎరుపూ నలుపూ చారల మఫ్లర్ వేలాడుతూ ఉండేది.

అవి ఆయన ఊరి ఫుట్‌బాల్ జట్టు రంగులు. ఉత్తర ఫ్రాన్స్‌లో బొగ్గుగనుల ఊరది. మొదట్లో ఆ జట్టుని గని కంపెనీయే నడిపిందట. వారమంతా గనిలోకి దిగినవాళ్ళే ఆదివారం మైదానంలోకి దిగేవారట. పని లేక కూర్చున్న కార్మికులు గడ్డపారలతో చదును చేసిన నేల మీద స్టేడియం లేచింది. పోలండ్ నుంచీ ఇటలీ నుంచీ పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళ పిల్లలు ఆ చారల చొక్కా తొడుక్కున్నాకే ఊరివాళ్ళయ్యారు. తర్వాత గనులు మూసేశారు. పని పోయింది, దుకాణాలు పోయాయి, సినిమా హాలు పోయింది. జట్టొక్కటే మిగిలింది. అది ఓడి ఓడి కింది డివిజన్‌కి జారిపోయిన ఏళ్ళలో కూడా స్టేడియం నిండేదట. "గెలిచే జట్టు కావాలంటే పెద్ద నగరాలున్నాయి. మాది పోయినవాళ్ళ జట్టు," అనేవాడు ఎటియెన్. ఏటా ఒక మ్యాచ్‌కి ముందు, గనుల్లో చనిపోయినవాళ్ళ బిడ్డలు పాత గని దీపాలు పట్టుకుని మైదానం మధ్యకి నడుస్తారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన చెయ్యి మఫ్లర్ మీదికి పోయేది.

శుక్రవారం సాయంత్రాలు ఉమ్మ్ అల్ హస్సామ్‌లోని ఒక కఫేలో నలుగురిని వెంటేసుకుని మ్యాచ్ చూసేవాడు. ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళ మాటే కంపెనీలో చెల్లేది. నాకు ఆ బల్ల దగ్గర చోటు కావాలి. అంతే. అంత చిన్న కోరిక.

సల్మాబాద్ స్టోర్‌కీపర్ రాజేశం. మంచిర్యాల వైపు బొగ్గుబాయి ఊరు అతనిది. తండ్రి ఆ బాయిలో, అంటే గనిలో, పైకప్పు కూలి చనిపోయాడు. ఒకరోజు స్టోరులో టీ తాగుతూ నాకు చెప్పాడు. శవం ఇంటికొచ్చాక వాళ్ళమ్మ ఎంత కడిగినా రెప్పల అంచుల్లో బొగ్గు పోలేదట. "కాటుక పెట్టుకున్న పెండ్లికొడుకు లెక్క ఉండె సారూ మా బాపు," అన్నాడు. కళ్ళ కింద వేలితో గీత గీసి చూపించాడు.

ఒక శుక్రవారం నన్నూ రమ్మన్నారు. మాటల్లో ఎటియెన్ అడిగాడు, మీ దేశంలో బొగ్గుగనులున్నాయా అని. ఉన్నాయి అంటే సరిపోయేది.

"మా నాన్న గనిలోనే పోయారు," అన్నాను.

కాటుక సంగతి కూడా చెప్పాను. వేలితో గీత కూడా గీశాను. ఎటియెన్ తాత కళ్ళు కూడా అలాగే ఉండేవట. లేచి వచ్చి నన్ను కౌగిలించుకున్నాడు.

మా నాన్న బ్యాంకు ఆఫీసరు. చొక్కా మీద సిరా చుక్క పడితే ఊరుకునే మనిషి కాదు. ఆ వేళ పొద్దునే ఫోన్లో షుగర్ మాత్రల గురించి మాట్లాడారు.

ఆ వారం నుంచి ఆ బల్ల దగ్గర నాకొక కుర్చీ ఉండేది. దీపాల మ్యాచ్‌కి నన్ను తీసుకెళతానని ఎటియెన్ మాటిచ్చాడు. అంతలో ఆయన స్టోరు చూడటానికి సల్మాబాద్ వచ్చాడు. నేను వెంట ఉన్నాను. పెద్ద సారుది బొగ్గుబాయిల ఊరని డ్రైవర్ల ద్వారా రాజేశం అప్పటికే విన్నాడు. జేబులోంచి తండ్రి ఫొటో తీశాడు. రెండు చేతులతో ఎటియెన్ చెయ్యి పట్టుకున్నాడు.

"సారూ, మా బాపు ముచ్చట జెర చెప్పుండ్రి పెద్ద సారుకు," అని నాతో అంటూ, కళ్ళ కింద వేలితో గీత గీశాడు.

ఎటియెన్ నావైపు చూశాడు. "ఏమంటున్నాడు?"

ఆ ఒక్క క్షణాన్ని నేను ఎన్నిసార్లు తిరగేసి చూసుకున్నానో. అప్పుడన్న మాట భయపడి అన్నానా? భయమే అయితే ఏదో ఒకటి నసిగి తప్పించుకునేవాణ్ణి. కాదు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు రాజేశం మీద కోపం వచ్చింది. నా తండ్రిని నా దగ్గర్నుంచి లాక్కుంటున్నాడనిపించింది.

"అది మా నాన్న కథ. నేనే ఇతనికి చెప్పాను. తనదిగా చెప్పుకుని మీ దగ్గర మంచి అనిపించుకోవాలని చూస్తున్నాడు," అన్నాను ఇంగ్లీషులో.

ఎటియెన్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. పోయినవాళ్ళతో వ్యాపారం చేసే మనిషి తనకి అసహ్యమన్నాడు, మొహమ్మీదే. రాజేశానికి ఇంగ్లీషు రాదు. నవ్వుతూనే ఉన్నాడు.

"ఏమన్నడు సారూ?"

"మీ నాన్నకి దండం పెట్టానని చెప్పమన్నారు."

రాజేశం ఫొటోని కళ్ళకద్దుకున్నాడు.

స్టోరు తాళాలు అబద్ధాలకోరు చేతిలో ఉండకూడదన్నాడు ఎటియెన్. కాంట్రాక్టు ముగియగానే రాజేశం వీసా క్యాన్సిల్ చేశారు. ఆ కబురు చెప్పే పని నాదే. కంపెనీకి పనులు తగ్గాయని చెప్పాను. నన్ను బతిమాలాడు. "పెద్ద సారుకు ఒక్కపారి చెప్పి చూడుండ్రి. మా బాపుకు దండం పెట్టినోడు, నన్ను కాదంటడా?" చెప్పి చూశాననీ, ఆయన చేతిలో లేదనీ అన్నాను. అసలు చెప్పనే లేదు. అతను నా చెయ్యి పట్టుకుని కృతజ్ఞత చెప్పి వెళ్ళాడు.

తర్వాత నేను ఫ్రాన్స్ వెళ్ళాను. చలి. స్టేడియం వెనక బొగ్గు తవ్విపోసిన నల్లటి గుట్టలు. నా చేతికి దీపం ఇచ్చారు. మైకులో మా నాన్న పేరు చదివారు, బతికున్న మనిషి పేరు. స్టేడియమంతా లేచి నిలబడింది. ఆ గుట్టల నీడలో పెరిగిన ముసలివాళ్ళు టోపీలు తీశారు. నేను ఏడ్చాను. నటన కాదు, నిజంగానే ఏడ్చాను. ఎవరి కోసం ఏడ్చానో ఇప్పటికీ చెప్పలేను. పక్కనే ఒక ముసలావిడ, ఆమె భర్త కూడా కప్పు కూలే పోయాడట, నా బుగ్గలు తుడిచింది. ఆవిడ వేళ్ళు తగిలినప్పుడు కూడా నోరు విప్పలేదు.

ఎటియెన్ ఇప్పుడు ఇంకో దేశంలో ఉన్నాడు. ఆయన వెళుతూ నా పేరు పైకి సిఫారసు చేసి వెళ్ళాడు. రాజేశం ఊళ్ళో ఏదో అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్. ఈ మధ్య వాట్సాప్‌లో ఫోన్ చేశాడు. "సారూ, మన జట్టు గెలిచిందట గదా!" అన్నాడు. ఎటియెన్ ఊరి జట్టు ఆటల సంగతి కొడుకు ఫోన్లో చూసి చెప్తాడట. మీ తాతకు ఫ్రాన్స్ సారు దండం పెట్టిండని పిల్లలకి చెప్పుకున్నాడట. వాడకట్టంతా ఎరుకేనట.

నాకు మొదట కలిగింది సిగ్గు కాదు. వీడికింకా తెలియదు, బతికిపోయాననుకున్నాను. "అవును రాజేశం, గెలిచింది," అన్నాను.

ఇప్పుడు నిజం చెబితే అతని దగ్గర మిగిలిన ఆ దండాన్ని కూడా లాక్కున్నట్టవుతుందని నాకు నేను చెప్పుకుంటాను. అది జాలా? నన్ను కాపాడుకునే ఇంకో ఎత్తా? ఇద్దరి నంబర్లూ నా ఫోన్లో ఉన్నాయి. వాళ్ళని వదిలేసి మీకు చెప్పుకున్నాను. ఇది ధైర్యమని నేననను. క్షమించమనీ అడగను, క్షమించే హక్కు మీది కాదు.

కప్పు కూలి పోయినవాడు మా నాన్న కాదు, రాజేశం నాన్న. ఆయన పేరు లింగయ్య. ఆ స్టేడియంలో వినపడాల్సిన పేరు అది. దాన్ని మొదటిసారి ఇక్కడ రాశాను. కొట్టెయ్యలేదు.