దావీదు రాజేసిన మంట

ఈ ఉదయం మా వీధి వాచ్‌మన్ చెమ్మగిల్లిన అగ్గిపుల్లను జుట్టులో రుద్ది గీశాడు. ఆ వాసనకు నా మీద నాకే అసహ్యం వేసింది.

రాయపురం స్కౌట్ నేస్తాల్లారా, పందొమ్మిది వందల యాభైల్లో, మార్గళి నెల చలిలో, తిరువొత్తియూరు సరుగుడు తోపులో మన క్యాంపు గుర్తుందా? వాన వెలిసిన పొద్దున స్కౌట్ మాస్టరు పరీక్ష పెట్టారు. గుంపుకు రెండే అగ్గిపుల్లలు. మంట రాజేసినవాడికి బ్యాడ్జీ.

మా లీడర్ బాలు మొదటి పుల్ల పాడుచేశాడు. జాలరి పిల్లవాడు దావీదు రెండోది లాక్కున్నాడు. "తడి పుల్ల అట్నే గీకితే అంటుకుంటుందా? ఈడ చూడండ్రా!" తలగుడ్డ విప్పి, పొడి జుట్టులో పుల్లను రుద్ది గీసి, గుడ్డలో దాచిన కొబ్బరి పీచుకు అంటించాడు. నిక్కర్లు ఆరేదాకా అందరం ఆ మంటే కాచుకున్నాం.

మాస్టరు వచ్చారు. "ఎవుర్రా రాజేసింది?"

"నేనే సార్," అన్నాడు బాలు.

మాస్టరు నావైపు తిరిగారు. "నువ్వు చూసినావా?"

"బాలూనే సార్."

దావీదు బిత్తరపోయాడు. "ఏంరా, నువ్వే కదరా పక్కన కూచోని ఊదినావు!"

బ్యాడ్జీ బాలు చొక్కాకెక్కింది. దావీదు మళ్ళీ స్కౌటుకు రాలేదు.

'అబద్ధికులారా, మారుమనస్సు పొందండి' అని, తర్వాత బోధకుడినై ఏళ్ల తరబడి వీధుల్లో అరిచిన నోరు ఇదే. ఛీ! ప్రభువు శిష్యుడు పేతురు కూడా మంట దగ్గర చలి కాచుకుంటూనే ఆయన్ను ఎరగనన్నాడు. కానీ అతడు బయటికి పోయి వెక్కివెక్కి ఏడ్చాడు. నేను ఆ మంట పక్కనే కూర్చుని, బాలు పెట్టిన మురుకులు తిన్నాను.