ఓంప్రకాశ్ బిళ్ల

సిరిసిల్లలో సుధాకర్ కార్ఖానా గడప మీద చెప్పులు ఎప్పుడూ వరుసగా ఉంటాయి. సాంచెల, అంటే మరమగ్గాల, మధ్య ఉత్త కాళ్లతో తిరగడం అక్కడి కార్మికులందరికీ అలవాటే. కానీ చాయ్‌కి పోయినా, బీడీకి పోయినా ఎవరి చెప్పులు వాళ్లు తొడుక్కునే గడప దాటాలన్న నియమం ఆ ఒక్క కార్ఖానాలోనే ఉంది. దాన్ని పెట్టినవాడు యజమాని కాదు. సాంచెలు బాగుచేసే ముసలి అంబదాస్.

అంబదాస్ నౌకాదళంలో పనిచేసి వచ్చినవాడు. డెబ్బై ఒకటి యుద్ధంలో బంగాళాఖాతం మీద ఉన్నాడు. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి సాంచెలు నడిపే హరీష్ అతన్ని ఊరికే ఉండనివ్వడు.

"కాకా, యుద్ధం జేసిన్నంటవు. తుపాకి పట్టినవా?"

"పట్టలే."

"విమానాలన్న జూసినవా?"

"సూడలే. మేం కింద ఉంటిమి."

"మరేం జేసినవే?"

"నీళ్లు కాగవెట్టిన."

"మా అవ్వ గూడ రోజు కాగవెడ్తది. ఆమెకు పింఛనే రాదాయె."

అంబదాస్ నవ్వేవాడు. అతను చెప్పింది అక్షరాలా నిజం. అతని నౌక పాతది, ఆవిరితో నడిచేది. అతని చోటు బాయిలర్ గది. విక్రాంత్ మీది నుంచి సీ హాక్ విమానాలు చిట్టగాంగ్ వైపు ఎగిరిన సంగతి పైనున్నవాళ్లు చెబితేనే తెలిసింది. యుద్ధాన్ని అతను ఆవిరి పీడనం చూపే ముల్లులో చదివాడు. ముల్లు పైకి పోతే నౌక వేగం పెంచుతోందని, నిలకడగా ఉంటే ఎవరికోసమో కాచుకుని ఉందని.

ఆ గదిలో మాట వినబడదు. అయినా అంబదాస్‌కు ఇబ్బంది కలగలేదు. తండ్రి భీవండి మిల్లుల్లో నేసేవాడు. సద్ది పట్టుకుపోయే వయసులోనే అంబదాస్ నేతగాళ్ల నోటిమాట నేర్చుకున్నాడు. గొంతు లేకుండా పెదవులతో చెప్పడం, ఎదుటివాడి పెదవులు చూసి అందుకోవడం. చెన్నూరు నుంచి వచ్చిన ఓంప్రకాశ్‌కు దాన్ని నౌకలో నేర్పాడు. ఇద్దరూ బాయిలర్ల హోరులో గోదావరి చేపల గురించి, పై అధికారి మీసాల గురించి తెలుగులో మాట్లాడుకునేవారు. పక్కవాళ్లకు వాళ్లు ఏదో నములుతున్నట్టు కనిపించేది.

గదిలోకి దిగే మెట్ల దగ్గర ఒక పలక ఉండేది. ప్రతివాడికీ ఒక ఇత్తడి బిళ్ల. దిగేటప్పుడు తన బిళ్లను ఎర్ర మేకుకు, ఎక్కేటప్పుడు తెల్ల మేకుకు తగిలించాలి. డిసెంబరు మొదటి వారంలో ఒక సాయంత్రం ఇంధనపు గొట్టం చిట్లి, నూనె కాగిన ఇనుము మీద చిమ్మి మంట లేచింది. అందరూ పైకి వచ్చాక, మూత మూసి లోపల ఆవిరి నింపమని ఆజ్ఞ వచ్చింది. గాలి అందకపోతే మంట చస్తుంది. అందితే పక్కనే ఉన్న నూనె తొట్ల దాకా పోతుంది. పలక మీద ఒక్క బిళ్ల, ఓంప్రకాశ్‌ది, ఎర్ర మేకుకే ఉంది. "వాడు కెటిలు పట్టుకుని పైకి పోయాడు, నేను చూశాను. బిళ్ల మార్చడం మరిచిపోయి ఉంటాడు," అన్నాడు పై అధికారి. అతను చూసింది అబద్ధం కాదు. పోవడం చూశాడు, తిరిగి దిగడం చూడలేదు. మూత బిగించిన చేతుల్లో అంబదాస్ చేతులు ఉన్నాయి. ఇనుప మూతకు అద్దం ఉండదు. అవతల ఏ పెదవులు కదిలినా ఇవతలికి కనబడవు.

నౌక దక్కింది, ఓంప్రకాశ్ దక్కలేదు. ఆజ్ఞలో తప్పు లేదని విచారణలో తేలింది. అంబదాస్ కూడా కాదనలేదు. ఈ సంగతి అతను దాచుకోలేదు, అడిగినవాళ్లందరికీ చెప్పాడు. అందుకే సుధాకర్ కార్ఖానాలో చెప్పులు వదిలి గడప దాటినవాణ్ణి తోటివాళ్లు "ఓంప్రకాశ్ బిళ్ల మర్శినవ్," అని ఆటపట్టిస్తారు.

నిరుడు ఎండాకాలం, చాయ్ వేళ దాటిన కాసేపటికి, నడుమ వరుసలో ఒక సాంచె మోటారు దగ్గర నిప్పు రవ్వ రాలింది. సాంచెల కింద ఎప్పుడూ పేరుకుని ఉండే నూలు పొట్టు దాన్ని అందుకుంది. సుధాకర్ మెయిన్ దించాడు. కార్మికులు కొందరు చెప్పులు తొడుక్కుని, కొందరు చేతుల్లో పట్టుకుని వీధిలోకి ఉరికారు. ఫైరింజన్‌కు ఫోను పోయింది. పక్క కార్ఖానాకూ దీనికీ ఒకే కప్పు. పక్కదానిలో సాంచెలు ఇంకా హోరుమంటున్నాయి.

షట్టర్‌ను మొదట పట్టి లాగింది అంబదాసే. అది మోకాలెత్తుకు వచ్చేసరికి అతని చేయి ఆగిపోయింది. గడప మీద ఒక జత చెప్పులు మిగిలి ఉన్నాయి. నీలం రంగువి. తెగిన పట్టీకి ఎర్రటి నూలుతో కుట్టు. ఆ కుట్టు వేసింది తనే. అవి లోపల కండెలు చుట్టే అతని చిన్న కోడలు వనజవి.

"దించు కాకా, లోపలికి గాలి పోతుంది," అన్నాడు సుధాకర్.

అంబదాస్‌కు చెవులు సరిగా వినబడవు, కానీ ఆ పెదవులు స్పష్టంగా కనబడ్డాయి. "వనజ లోపలున్నది," అన్నాడు.

"వదిన చాయ్‌కు పోయింది కాకా. నా కండ్లతోని జూసిన," అన్నాడు హరీష్.

"వచ్చుడు జూసినవా?"

హరీష్ వీధిలోకి తిరిగి గుంపులో వెతికాడు.

"భయంల ఎవలన్న చెప్పులిడిసి ఉరుకుతరే," సుధాకర్ షట్టర్ అంచు పట్టుకున్నాడు. "కప్పు అంటుకుంటే అవతల పన్నెండు మంది ఉన్నరు. జర సోంచాయించు."

అది కూడా నిజమే. అందుకే అంబదాస్ షట్టర్‌ను పైకి ఎత్తలేదు, కిందికీ దిగనివ్వలేదు. "వాళ్లను బయటికి ఎల్లగొట్టు పో," అని సుధాకర్‌ను పంపి, హరీష్ భుజాన్ని షట్టర్ కింద ఆనించి, తాను చెప్పుల పక్కనే నేల మీద బోర్లా పడుకున్నాడు.

వేడి పొగ పైకి చేరుతుంది. నేలకు దగ్గరగా కొంతసేపు చూపు ఆనుతుంది. సాంచెల ఇనుప కాళ్ల నడుమ నుంచి అతను అవతలి గోడ దాకా చూశాడు. పొద్దున దింపిన భీములు, నూలు చుట్టిన పెద్ద ఇనుప రోలర్లు, వెనక తలుపుకు అడ్డంగా ఉన్నాయి. వాటి పక్కన, కండెల గంప వెనక, కొంగు ముక్కుకు అదుముకుని ఒక మనిషి కూర్చుని ఉంది. నడుమ మంట.

పిలిచి లాభం లేదు. ఇటు జనం అరుపులు, పక్క కార్ఖానా హోరు. అతను నేలను అరచేత్తో కొట్టాడు, చేయి ఊపాడు. ఆమె తల తిరిగింది. కొంగు తీసింది. మామ నేర్పిన నోటిమాటలో పెదవులు కదిలాయి: "మామా, బాట దొరుకుత లేదు."

అంబదాస్ జవాబు చెప్పాడు. ఆమెకు అందలేదు. వెలుగు అతని వెనక ఉంది. ఆమెకు అతని ముఖం నల్లగా కనిపిస్తోందని అప్పుడు తట్టింది. చెంప నేలకు ఆనించి, వీధి వెలుగు పెదవుల మీద పడేలా ముఖం తిప్పాడు. ఎడమ అంటే ఎవరి ఎడమ? ఎదురెదురుగా ఉన్నప్పుడు కుడిఎడమలు తారుమారవుతాయి. అందుకని, "మార్కండేయుని పటం ఉన్న గోడ," అన్నాడు పెదవులతో. "గా గోడ పట్టుకో. పండుకొని రా. లేవకు."

ఆమె వంగింది. పొగ ఇంకో జానెడు దిగింది. ఆమె కనబడలేదు.

"కాకా, భుజం కాలుతుంది," అన్నాడు హరీష్. అంబదాస్‌కు వినబడలేదు. అతని చూపంతా గోడ వెంట ఉంది. మొదటి సాంచె కాళ్ల దగ్గర ఏమీ లేదు. రెండో దాని దగ్గరా లేదు. కప్పు మీద ఏదో చిట్లిన అదురు నేల గుండా అతని దవడకు తగిలింది.

అప్పుడు మసి పట్టిన చేయి ఒకటి గోడ మూల నుంచి గడప రాయి మీదికి వచ్చింది. అతను మణికట్టు దొరకబుచ్చుకుని లాగాడు. వనజ వీధిలోకి వచ్చి పడి, దగ్గి, లేచి కూర్చుంది. అంబదాస్ లేచి షట్టర్ అంచు పట్టుకున్నాడు గాని దించలేదు.

"చెప్పులు," అన్నాడు.

"గిప్పుడు చెప్పులేంది మామా?"

"ఏస్కో."

"నీకు పిచ్చి లేసిందా కాకా," అన్నాడు హరీష్.

వనజ మామ ముఖంలోకి చూసింది. మసి కాళ్లను వాటిలో దూర్చుకుంది. అంబదాస్ గడపను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. ఒక్క చెప్పు లేదు, ఉత్త రాయి.

షట్టర్ నేలకు తగిలింది. గొళ్లెం దాకా పోయిన చేయిని వెనక్కి తీసుకున్నాడు. "నువ్వెయ్యి," అని హరీష్‌కు వదిలేసి, వీధి అవతల ఉత్త నేల మీద కూర్చున్నాడు.