కోరుట్ల కబడ్డీ కోర్టులో ఆటోఫోకస్ నిలిపిన చిత్రం

గౌరవనీయులైన పాఠకులకు,

నమస్కారములు. ఉత్తరం పైభాగాన కుడివైపున స్థలము, తేదీ తప్పక వ్రాయాలని ఉద్యోగ జీవితమంతా తరగతి గదిలో చెప్పినవాణ్ణి. ఈ ఉత్తరంలో ఆ రెండింటినీ తెలిసే విడిచిపెట్టాను. ఇది ఎప్పుడు చదివితే అప్పటిదే, ఎక్కడ చదివితే అక్కడిదే కావాలని నా కోరిక. ఇందులోని ఆడపిల్లల పేర్లను వాళ్ళ అనుమతితోనే వ్రాస్తున్నాను.

తెలుగు పండితుడుగా పదవీ విరమణ చేసిన తరువాత కెమెరా కొన్నాను. జగిత్యాల చుట్టూ వరి మళ్ళలో నిలబడిన కొంగలను, పసుపు ఉడికే కళాయిలను చిత్రించుకుంటూ తృప్తిగానే ఉన్నాను. కదలని వస్తువుకు ఫోకస్ ఒక సమస్య కాదు. అటువంటి రోజులలో నా పూర్వ విద్యార్థిని స్వరూప ఫోన్ చేసింది. ఆమె సిరిసిల్లలో వ్యాయామోపాధ్యాయిని. ఆడపిల్లల కబడ్డీ జట్టును తయారు చేస్తున్నది. "సార్, మా పిల్లలు కోరుట్ల టోర్నమెంటుకు పోతున్నరు. ఇన్నేండ్ల సంది ఆడుతున్నరు గని, ఒక్కదానికి ఆడంగ తీసిన ఫోటో లేదు. సెల్లుల తీస్తె దుమ్ము తప్ప మొకం కనవడది. మీరు జర రాండ్రి" అన్నది. రాష్ట్రస్థాయి శిబిరానికి క్రీడాకారిణులను ఎంపిక చేసేవారు కూడా ఆ పోటీలకు వస్తున్నారని చెప్పింది. వెంటనే ఒప్పుకున్నాను.

జగిత్యాల నుండి తెల్లవారుజామున బయలుదేరే బస్సులో వేములవాడ చేరి, అక్కడ మరొక బస్సు మారితే, మొత్తం రెండు గంటలలో సిరిసిల్ల చేరవచ్చు. ఛార్జీ నూరు రూపాయలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఆడవారికి టికెట్టు లేదు కనుక బస్సులు నిండుగా ఉంటాయి. బరువైన లెన్సు ఉన్నవారు సంచిని ఒడిలో పెట్టుకొనే వీలు దొరుకుతుందని ఆశించవద్దు. నేను వేములవాడ దాకా నిలబడే వెళ్ళాను. సిరిసిల్లలో దిగగానే మరమగ్గాల చప్పుడు వినిపించింది. అక్కడివారు వాటిని సాంచాలంటారు. పాఠశాల ఆవరణలో పిల్లలు అప్పటికే ఒళ్ళు వేడెక్కించుకుంటున్నారు. జట్టులో కూతకు వెళ్ళే అమ్మాయి శ్రావణి. సన్నగా, పొడుగ్గా, గడియారపు ముల్లులా ఆగకుండా తిరిగే పిల్ల. సాంచాల మీద రాత్రి పాళీ ముగించుకొని, చొక్కా నిండా నూలు పీచుతో, ఆమె తండ్రి రాజేశం గోడ వద్ద నిలబడి చూస్తున్నాడు.

"సార్, ఇయ్యాల మా పిల్ల మంచిగ ఆడితె ఆటల హాస్టల్ల సీటస్తదట గదా?" అని నన్నడిగాడు.

స్వరూప నా బదులు జవాబు చెప్పింది: "శిబిరానికి తీస్కుంటె అస్తది అన్నా. తీస్కోకుంటె లేదు."

"తీస్కోకుంటె ఇగ కండెలు చుట్టుడే. నేనొక్కన్ని ఎన్ని దినాలు ఇల్లు నడుపుత" అని తండ్రి నవ్వాడు. శ్రావణి నవ్వలేదు. కండెలు చుట్టడమంటే మగ్గానికి కావలసిన నూలును చిన్న చిన్న కర్రలకు చుట్టే పని. ఆ పిల్లకు ఆనాటి ఆటకున్న అర్థం అది.

ఆ ఉదయపు సాధనలోనే నాకు జ్ఞానోదయమైంది. కొంగలకు వాడే సింగిల్ ఫోకస్‌తో మొదలుపెట్టాను. అది ఒకసారి దూరం కొలిచి ఆగిపోతుంది. నేను మీట నొక్కేలోపు శ్రావణి ఆ దూరంలో లేదు. తరువాత, కదిలేదానిని వెంబడిస్తూ ఉండే కంటిన్యువస్ ఫోకస్‌కు మార్చి, చట్రమంతటిలో ఎక్కడ పట్టాలో కెమెరానే నిర్ణయించుకోనిచ్చాను. అది దగ్గరగా ఏది కనబడితే దానిని పట్టుకొన్నది. మోచేతులు, జడలు, ఒకసారి గోల్‌పోస్టు. ముఖాన్ని గుర్తించే సౌకర్యం పెట్టి చూశాను. కబడ్డీలో ఒక ముఖానికి ఏడు ముఖాలు ఎదురు. కెమెరా ఈ ముఖం నుండి ఆ ముఖానికి గెంతింది. కూతకు వెళ్ళిన పిల్ల వెనుదిరిగిందంటే ఇక ముఖమే లేదు. చివరికి చట్రం నడుమ ఒక చిన్న ప్రాంతాన్ని మాత్రమే ఎంచుకొని, ఎవరైనా అడ్డం వచ్చినప్పుడు వెంటనే వాళ్ళ మీదికి మారకుండా, మొదటి మనిషి మీదనే కొంతసేపు పట్టి ఉంచే విధంగా ట్రాకింగ్ చురుకుదనాన్ని బాగా తగ్గించాను. ఆ తరువాత తీసిన వాటిలో శ్రావణి కాలి పట్టీ కూడా స్పష్టంగా వచ్చింది. స్వరూప చూసి, "గిది ఫోటో అంటె" అన్నది.

సిరిసిల్ల నుండి కోరుట్లకు వేములవాడ, చందుర్తి, రుద్రంగి, కథలాపూర్ మీదుగా తుఫాన్ అనే జీపు బండిలో వెళ్ళాము. రెండు గంటల ప్రయాణం. రుద్రంగి దాటిన తరువాత దారి పొడవునా మక్కలు, అంటే మొక్కజొన్నలు, ఆరబోసి ఉంటాయి, కనుక తొందర పనికిరాదు. డ్రైవరు మల్లేశం నా లెన్సును అద్దంలోంచి చూసి, "గింత పొడుగున్నదేంది సార్, పెండ్లిండ్లకు పోతరా?" అని అడిగాడు. వెనుక సీటు నుండి ఒక పిల్ల, "మల్లేశం కాకా, నీ బండి ఫోటో తియ్యమను. ఎక్కడన్న ఆగి నిలవడేది గదే" అన్నది. "ఆగితె నూకుడు మీరే, యాదుంచుకోండ్రి" అని అతడు. శ్రావణి మాత్రం కిటికీ పట్టుకొని కళ్ళు మూసుకొన్నది. కోరుట్లలో బస్టాండు దగ్గరి మెస్సులో అన్నం, పచ్చిపులుసు తిన్నాము. పిల్లలు సగం సగమే తిన్నారు.

మైదానం నిండా కోరుట్ల జనమే. మొదటి ఆట ఆ ఊరి జట్టుతోనే పడింది. వాళ్ళ ఎడమ మూలను కాచే అమ్మాయి లావణ్య. ఆమె చేయి పట్టుకొని పక్కన నిలబడేది సొంత చెల్లెలు రజిత. రక్షణలో ఉన్నవాళ్ళు ఇద్దరిద్దరుగా చేతులు పట్టుకోవడాన్ని చైన్ అంటారు. ఒకరు కాలు పట్టడానికి దూకగానే రెండవవారు చేయి వదలాలి. నేను వాళ్ళ వెనుక గీతకు అవతల, ఆ మూలనే, నేల మీద కూర్చున్నాను. కూతకు వచ్చేవారి ముఖం అక్కడి నుండే బాగా కనబడుతుంది.

ఆట సగం దాటింది. శ్రావణి కూతకు వచ్చి, మూల వరకు చొరబడి, వెనుదిరిగింది. లావణ్య చీలమండ కోసం దూకింది. నడుమ నుండి మరొక పిల్ల నాకూ శ్రావణికీ మధ్య అడ్డంగా పరుగెత్తింది. కెమెరా శ్రావణిని విడవలేదు. నేను మీట మీది వేలు తీయలేదు. ఆ టపటపల మధ్యనే ఒక శబ్దం విన్నాను, ఎండుకట్టె విరిగినట్లున్నది. లావణ్య మోకాలు ఉండవలసిన దిక్కున లేదు. దుమ్ము తగ్గేసరికి ఆమెను నలుగురు ఎత్తుకొని ఆటోలో వేశారు. రజిత చెప్పులు లేకుండానే ఆటో ఎక్కింది.

జనంలోంచి ఎవరో, "తన్నింది! సిరిసిల్ల పోరి తన్నింది!" అని అరిచారు. రెండు నిమిషాలలో అది అందరి మాట అయింది. నిర్వాహకుడు మైకు తీసుకొని, కావాలని ప్రత్యర్థి మోకాలి మీద తన్నినందుకు శ్రావణిని ఈ పోటీల నుండి తొలగిస్తున్నామని, పేరూ ఊరూ కలిపి, రెండుసార్లు చదివాడు. మైదానమంతా చప్పట్లు కొట్టింది. శ్రావణి గీత దగ్గరే నిలబడి, "నేను తన్నలే టీచర్, నా కాలు గుంజుకున్న అంతే" అని మళ్ళీ మళ్ళీ అంటున్నది.

నేను షామియానా నీడలో కూర్చొని ఒక్కొక్క చిత్రమే పెద్దది చేసి చూశాను. శ్రావణి రెండు పాదాలూ స్పష్టంగా ఉన్నాయి. కుడి చీలమండ లావణ్య గుప్పిట్లో ఉన్నది. ఎడమ పాదం మధ్యగీత వైపు చాచి, లావణ్య మోకాలికి బారెడు దూరంలో ఉన్నది. ఫోకస్ అడ్డం వచ్చిన పిల్ల మీదికి మారి ఉంటే ఇదేదీ తెలిసేది కాదు. స్వరూపను పిలిచి చూపించాను.

"అవ్వ! తన్నలే సార్, తన్నలే. నడువుండ్రి, మైక్ల చెప్పిస్త" అని ఆమె లేచింది.

"కూర్చో. ఇటు కూడా చూడు" అన్నాను. అదే చిత్రంలో లావణ్య కుడి చేయి వెనక్కి సాగి ఉన్నది. దానిని రెండు చేతులతో పట్టుకొని, మడమలు నేలకు తన్ని, వెనక్కి లాగుతున్నది రజిత. శరీరం ముందుకు, చేయి వెనక్కు. ఆ రెండింటి నడుమ మోకాలు తిరిగిపోయింది.

స్వరూప మళ్ళీ కూర్చున్నది. "గా పిల్లకు తెలిస్తె బతుకదు సార్" అన్నది. మళ్ళీ తనే, "మరి నా పిల్ల?" అన్నది.

"చూపించక తప్పదు. కానీ రజిత దీనిని మైకులో వినరాదు. ముందు మనమే చెప్పాలి" అన్నాను. సాయంత్రం మా జట్టు ఆడవలసిన రెండవ ఆటకు ఇంకా సమయమున్నది. ఆటోలో ఆసుపత్రికి వెళ్ళాము.

వరండాలో బల్ల మీద రజిత ఒక్కతే కూర్చున్నది. నేను మాట ఎలా మొదలుపెట్టాలా అని వెదుక్కుంటుండగా, ఆమె నా మెడలోని కెమెరాను చూసింది.

"గా కెమెరాల పడ్డదా సార్?"

"పడిందమ్మా."

"నాకు ఎర్కే. చెయ్యి ఇడువాలె అని మా టీచర్ రోజు చెప్తది. అక్క బోర్ల పడుతదనుకున్న. జాతరల గాని, రోడ్డు మీద గాని, అక్క చెయ్యి ఇడువద్దని అమ్మ చిన్నప్పటి సంది చెప్పేది. ఇడువలే." మళ్ళీ తనే, "గా సిరిసిల్ల అక్కను తీసేసిన్రట గదా. ఫోటో మీరు చూపెట్టుండ్రి. మాట నేను చెప్త" అన్నది.

లోపల లావణ్యకు కాలికి బద్దలు కట్టి, కరీంనగర్‌కు పంపడానికి బండి కోసం చూస్తున్నారు. నన్ను చూసి ఫోటోలాయననని గుర్తుపట్టింది. "నేను పట్టిన్నా సార్? ఫోటోల పట్టినట్టున్నదా?" అని అడిగింది. పట్టావని చెప్పాను. కళ్ళు మూసుకొని, "పాయింటు మాదే మరి" అన్నది. రజిత గోడ వైపు తిరిగింది.

రజితను వెంటబెట్టుకొని మైదానానికి తిరిగి వచ్చాము. నిర్వాహకుడు చిత్రాన్ని రెండుసార్లు చూశాడు. రజిత చెప్పినదంతా తల వంచుకొని విన్నాడు. మంచివాడే. "సరే సార్, పిల్లను ఆడనిస్తం. కాయిదం మీద మార్చుకుంటం" అన్నాడు.

"మైకులో చెప్పండి" అన్నాను.

"వద్దు సార్. జనం ఆగమాగమున్నరు. ఇప్పుడు గీ పిల్ల పేరు చెప్తె దీని మీద పడుతరు. నడువనియ్యుండ్రి."

"నా పేరు చెప్పుండ్రి, నాకేం గాదు" అని రజిత అన్నది. అతడు అప్పటికే తదుపరి జట్లను పిలుస్తున్నాడు. మైకును అడగకుండా అందుకోవడానికి నేను ఒక అడుగు వేశాను. తీగ అతని చేతికి చుట్టి ఉన్నది.

సాయంత్రం శ్రావణి ఆడింది. కూతకు వెళ్ళిన ప్రతిసారీ "తన్నుడు పోరి, తన్నుడు పోరి" అని మైదానం అరిచింది. ఎవరూ దగ్గరికి రాకపోయినా ఆమె కాలు చాచలేదు. చేతులతో మాత్రమే గాలిని తడిమి, ఉత్త చేతులతో తిరిగి వచ్చింది. ఎంపికకు వచ్చినవారు ఆట ముగియకముందే లేచిపోయారు. నేను ఆ ఆటను చిత్రించాను. ఫోకస్ ఒక్కసారి కూడా తప్పలేదు. తిరుగు ప్రయాణంలో తుఫాన్ బండి సిరిసిల్లకు, నేను బస్సులో జగిత్యాలకు. కోరుట్ల నుండి ముప్పావు గంట. చీకటి పడకముందే ఇల్లు చేరవచ్చు.

లావణ్యకు ఆపరేషన్ జరిగింది. నడుస్తుందన్నారు, ఆడదన్నారు. రజిత కోర్టులోకి రావడం మానుకొన్నది. శిబిరం నుండి శ్రావణికి పిలుపు రాలేదు. ఆమె ఇప్పుడు కండెలు చుడుతున్నది. స్పష్టమైన చిత్రం ఉంటే సత్యం దానంతట అదే నిలబడుతుందని నేను అనుకొనేవాణ్ణి. చిత్రం చూసినవారు ఆనాడు నలుగురు. మైకు విన్నవారు ఊరంతా. ఆ నలుగురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరూ చెడ్డవారు కారు. అయినా ఒక పిల్ల బతుకు దారి మళ్ళింది. ఈ లెక్క నాకు ఇప్పటికీ సరిపడదు.

కబడ్డీ, ఖోఖో వంటి ఆటలు చిత్రించబోయేవారికి ఒక్క సూచన: కంటిన్యువస్ ఫోకస్, చిన్న ప్రాంతం ఎంచుకొని, ముఖ గుర్తింపును ఆపివేసి, ట్రాకింగ్ చురుకుదనాన్ని తగ్గించి పెట్టుకోండి. దీనిని పోటీ రోజున కాక, ముందే ఒక సాధనలో పరీక్షించుకోండి.

ఇక నా ప్రార్థన. కోరుట్ల, సిరిసిల్ల, జగిత్యాలలో మీకు ఆటల మైదానం గానీ, బడి గానీ, చేతికి అందే మైకు గానీ ఉంటే, దయచేసి ఈ ఉత్తరాన్ని మనసులో చదువుకొని ఊరుకోవద్దు. రెండుసార్లు, బిగ్గరగా, పేరూ ఊరూ కలిపి చదవండి: సిరిసిల్ల శ్రావణి తన్నలేదు.