మగ్గాల మోత పిల్లకు దిగిందట!

మరమగ్గాల షెడ్డులో పనిచేసే ఆమెకు చెవులు పోయాయని, ఆ పోయిన చెవులే కడుపులోంచి కూతురికి దిగాయని వీధి వీధంతా చెప్పుకుంది. చెప్పుకున్నవాళ్లలో ఒక్కరైనా ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు మాటలు మాట్లాడిన పాపాన పోలేదు. తల్లికి చెవుడన్నది నిజం. మిగతాదంతా మందుల షాపు మెట్ల మీద పుట్టి, కుళాయి దగ్గర పెరిగి, బడి గేటు దాకా నడిచి వెళ్లిన అబద్ధం. దాని కాళ్లు విరిచి కూర్చోబెట్టడానికి అసలు జరిగింది చెబితే చాలు.

ఆమె పెళ్లికి ముందే షెడ్డులో చేరింది. వరసగా మగ్గాలు, అన్నింటిలోనూ పోగు మోసే నాడెలు అటూ ఇటూ దెబ్బలు తింటూ పరుగెత్తడం. ఆ మోతలో చెవి పక్కన నిలబడి అరిచినా వినబడదు. అందుకని అక్కడి ఆడవాళ్లు అరవడం ఎప్పుడో మానేశారు. గొంతు తియ్యకుండా పెదాలు మాత్రం కదిపి మాట్లాడుకుంటారు. పోగు తెగిందని చెప్పాలన్నా, మేస్త్రీ ఇవాళ పెళ్లాంతో తగాదాపడి వచ్చాడని చెప్పాలన్నా పెదాలే. ఆమె అందులో ఎంత ఆరితేరిందంటే, తన చెవులు మెల్లమెల్లగా మందగిస్తున్న సంగతి ఆమెకే తెలియలేదు. తాళాలు బాగుచేసే అతన్ని పెళ్లి చేసుకున్నాక, అతను వెనక నుంచి పిలిస్తే పలక్కపోవడంతో బయటపడింది. కొత్త పెళ్లికూతురికి ఇంత పొగరేమిటని అతను మొదట ముఖం మాడ్చుకున్నాడు. తర్వాత తనూ ఎదురుగా నిలబడి పెదాలతో మాట్లాడడం నేర్చుకున్నాడు.

ఆ ఇంట్లో ఎవరూ గొంతెత్తరు కనక పుట్టిన పిల్లా ఎత్తలేదు. ముద్దుగా పిచ్చుక అని పిలుచుకున్నారు గాని కిచకిచ మాత్రం లేదు. అలాగని ఇల్లు నిశ్శబ్దంగా ఉండేదనుకుంటే పొరపాటే. తాను చేసే చప్పుడు తనకు వినబడని మనిషి గిన్నె దించితే గిన్నె మోగుతుంది, తలుపు వేస్తే గోడ అదురుతుంది. పిల్ల ఆ దడదడల మధ్యే నిద్రపోయింది, ఆ దడదడల మధ్యే పాకింది.

తాళాలతని తల్లి పెద్దకొడుకు దగ్గర ఉండేది. అక్కడ ఇంటి పైకప్పు మారుస్తున్నారని చిన్నకొడుకు దగ్గరికి వచ్చి, వచ్చిన రోజే నెత్తిన చెయ్యి పెట్టుకుంది. ముగ్గురూ భోజనానికి కూర్చుని చేపల్లా నోళ్లు తెరుస్తూ మూస్తూ ఉంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మనవరాలు ఆమెతోనూ అదే తంతు.

"ఏరా, పిల్లకి మాట రాదా? వినబడదా?" అని కొడుకును నిలదీసింది.

"రెండూ బాగానే ఉన్నాయమ్మా. ఇంట్లో అలవాటు, అంతే."

కొడుకు మాట ఆమె చెవిన పెట్టలేదు. వాడికి చిన్నప్పటి నుంచీ అన్నీ బాగానే ఉంటాయి. నెత్తి మీద కప్పు కారుతున్నా చల్లగా ఉందనే రకం.

పిచ్చుకను ఒకటో తరగతిలో వెయ్యడానికి ఆమే తీసుకెళ్లింది. కోడలు షెడ్డులో ఉంది, కొడుకు ఎవరి బీరువానో తెరుస్తున్నాడు. పెద్ద టీచరమ్మ పిల్లను పేరడిగింది. పిచ్చుక పెదాలు కదిపింది. గట్టిగా చెప్పమంటే నోరు ఇంకా పెద్దగా తెరిచింది, గొంతు మాత్రం రాలేదు. బడి కమిటీ మెంబరు గనక మందుల షాపాయన కూడా అక్కడే ఉన్నాడు. ఆయన పిల్లిలా పిల్ల వెనక్కి వెళ్లి స్టీలు పళ్లెం ఒకటి నేలకేసి కొట్టాడు. టీచరమ్మ కుర్చీలో ఎగిరిపడింది. నాయనమ్మ గుండె పట్టుకుంది. పిచ్చుక కన్నయినా ఆర్పలేదు. వాళ్లమ్మ గిన్నెల ముందు ఆ పళ్లెం ఏపాటి! ఆ ముక్క అప్పుడు ఒక్కరికీ తట్టలేదు.

"చూశారా? నేను చెబుతూనే ఉన్నాను" అని ఆయన చొక్కా సర్దుకున్నాడు. "తల్లిదండ్రుల ఒళ్లు ఏ పనికి ఎలా మారితే పిల్లలు అలా పుడతారు పెద్దమ్మా. కమ్మరి కొడుకు కండలతో పుడతాడు. మోతకి చెవులు చచ్చిన తల్లికి ఇదిగో, ఇలా."

"అయితే బాబూ, మా అందరి జబ్బల మీదా టీకా మచ్చలున్నాయి కదా. మచ్చతో పుట్టిన పిల్లని ఎక్కడైనా చూశావా?"

"అది వేరు."

"ఎలా వేరు నాయనా?"

"అది సూది. ఇది మోత."

ఇంత పెద్ద శాస్త్రం విన్నాక ఇంక మాట్లాడడానికేముంది! దగ్గుమందు సీసా మీది అక్షరాలు కూడబలుక్కుని తనే డాక్టరుననుకునే మనిషి. పెళ్లిచూపుల నాటికే నెరిసిన తలకు రంగేసుకుని కూర్చున్నాడు, ఇప్పటికీ వేస్తూనే ఉన్నాడు. ఆ లెక్కన కొడుకు జుట్టు నల్లగా నిగనిగలాడాలి. వాడి తల కాలేజీ దాటకుండానే ముగ్గుబుట్టయింది. ఇంట్లో కళ్లెదుట తిరిగే ఆ తలకాయ మాత్రం ఆయన శాస్త్రానికి ఆనదు.

టీచరమ్మ తేల్చి చెప్పేసింది. చెవిటి పిల్లలకు వేరే బడి ఉంది, అక్కడే ఉంచుకుని చదివిస్తారు, పిల్లను అక్కడికి పంపాల్సిందే. అంటే అంత పసిదాన్ని ఇంట్లోంచి పంపెయ్యాలి!

వాళ్లు ఇల్లు చేరేలోపలే కబురు చేరింది. దర్జీ పెళ్లాం గుమ్మంలోనే కాసుకుని ఉంది.

"నిజమే పిన్నీ! మా ఆయన వంగి వంగి కుట్టబట్టే మావాడికి పుట్టుకతోనే గూని వచ్చింది."

"మీవాడికి గూని ఫోన్లోంచి వచ్చిందే తల్లీ. తల పైకెత్తమను, అదే పోతుంది."

అనడానికి అంది గాని, ఆ పళ్లెం మోత ముసలామె చెవుల్లో మోగుతూనే ఉంది. కడుపుతో ఉన్నన్నాళ్లయినా కోడలు ఆ షెడ్డు మానేసి ఉంటే బాగుండేదేమో అని కూడా ఒకసారి అనిపించింది. చచ్చు మాటలకు ఉన్న బలం అదే, కాదన్నవాళ్ల బుర్రలో కూడా కాస్త చోటు అడుగుతాయి.

కోడలు పని నుంచి వచ్చాక ఎదురుగా కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పింది. ఆమె ముఖం కందగడ్డయింది. "రేపు నేనొస్తాను" అని మాత్రం అంది.

మర్నాడు బడిలో కోడలు చేసిన పనికి అత్తగారికి తల కొట్టేసినట్టయింది. టీచరమ్మకూ మందుల షాపాయనకూ వీపు చూపించి, పిల్లను తన ఎదుట నిలబెట్టుకుని, గుండీలు సరిచేస్తూ కూర్చుంది. ఆయనకు అదే వీలయింది. వినబడని తల్లి, వినబడని పిల్ల, గుమ్మం దగ్గర ఒక ముసలామె. ఆయన టీచరమ్మ వైపు వంగి గొణిగాడు. గుమ్మం దాకా సగం ముక్కలే వచ్చాయి. కాని ముసలామె చూపు పిచ్చుక ముఖం మీద పడింది. ఆయన ఆగితే పిల్ల పెదాలు ఆగుతున్నాయి, ఆయన గొణిగితే కదులుతున్నాయి.

కోడలు వెనక్కి తిరగకుండానే, గది అదిరేలా అంది: "సీటు మీ చెల్లెలి కూతురికి కావాలంటే ఆ మాటే అడగండి! మధ్యలో నా చెవులెందుకు?"

మందుల షాపాయన చటుక్కున టీచరమ్మ పక్కనుంచి దూరంగా జరిగాడు.

"నువ్వు ఇటు తిరిగైనా లేవు కదా, నీకెలా తెలిసింది?" టీచరమ్మ లేచి ఆమె ముందుకు వచ్చి అడిగింది.

ఆమె కూతురి గడ్డం పట్టుకుని, "గొంతుతో చెప్పవే" అంది.

పిచ్చుక బెరుకుగా గొంతు సవరించుకుంది. తర్వాత మందుల షాపాయన గొణుగుడంతా, ఆయన సాగదీతతో సహా, పొల్లు పోకుండా అప్పజెప్పింది. "ఆ ముసలిది ఒప్పుకోదండీ. వేరే బడికి పంపుతానని తల్లి చేత సంతకం పెట్టించెయ్యండి, చాలు. మా చెల్లెలి పిల్ల ఆ సీటు కోసం ఎదురుచూస్తోంది" అని.

టీచరమ్మ ఆయన వైపు ఒక చూపు చూసి, ఇంకో మాట లేకుండా పిచ్చుక పేరు రాసుకుంది. ఆయన ఊరుకుంటాడా! చెప్పులేసుకుంటూ, "అన్నాను కదా, అంతా రక్తంలోనే ఉంది. తల్లి పెదాల విద్య పిల్లకి పుట్టుకతో దిగింది" అని కొత్త శాస్త్రం మొదలెట్టాడు. చెవులు కాకపోతే పెదాలు. ఏదో ఒకటి దిగకపోతే ఆయనకు తిన్నది అరగదు.

గేటు దాటాక ముసలామె కోడలి దారికి అడ్డంగా నిలబడింది.

"ఏమే, వీధి వీధంతా ఇలా వాగుతోందని నీకు ముందే తెలుసా?"

"తెలుసత్తయ్యా. ఇది చెబుతూనే ఉంది."

"మరి నీ చెవులు దీనికి రాలేదని ఒక్కసారైనా అనలేదేం?"

కోడలు నవ్వి, గొంతు తియ్యకుండా, అత్తగారికి అందేలా పెదాలు నిదానంగా కదిపి అంది: "నావి దానికెక్కడొచ్చాయత్తయ్యా, దానివే నాకొచ్చాయి. ఆ సంగతి ముందే చెప్పేస్తే, ఇంక పిల్ల ముందు ఎవరైనా నోరు విప్పుతారా?"