సవతికి సాక్ష్యం

మనిషన్నాక ఏదో ఒక పిచ్చి ఉంటుంది. ఒకరికి పేకాట, ఇంకొకరికి పావురాలు. లేతు మిషను మేస్త్రీకి పాత కారు. పదకొండేళ్లలో ఇంజను నుంచి సీట్ల దాకా అన్నీ తన చేత్తోనే మార్చాడు. ఇంటావిడ దాన్ని సవతి అనేది. బీమా పుస్తకంలో మాత్రం దాని విలువ తుక్కు ధరే. ఎవడైనా గుద్దితే కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరని, ఆయన దాన్ని షెడ్డు దాటనిచ్చేవాడు కాదు.

అసలు విలువ కట్టడానికి వచ్చిన బీమా సర్వేయరు కారు చుట్టూ తిరిగి, "పనితనం బాగుందండీ. ఎప్పుడేం మార్చారో రుజువు కావాలి. బిల్లులేవి?" అన్నాడు.

"సొంత చేతులకు బిల్లెవరిస్తారండీ?" అన్నాడు మేస్త్రీ.

భార్య లోపలికెళ్లి పాత క్యాలెండర్ల కట్ట తెచ్చి బల్లమీద పెట్టింది. ఆయన భోజనానికి రాని ప్రతి రోజూ తేదీ పక్కన కారణం రాసిపెట్టింది. 'గేరుబాక్సు. కూర చల్లారింది.' 'ఇవాళా బ్రేకులే.'

"దెబ్బలాటకు పనికొస్తాయని దాచానండీ," అంది.

సర్వేయరు నవ్వాపుకుంటూ ఒక్కో తేదీనీ కారుతో సరిచూసి, మేస్త్రీ అడిగిన విలువే రాసి సంతకం పెట్టాడు.

మేస్త్రీ గుండెల మీది బండ దిగింది. "రావే, అలా తిరిగొద్దాం," అన్నాడు.

"ఇన్నాళ్లకు సవతింటి పిలుపొచ్చింది," అంటూ ఆమె ముందు సీట్లో కూర్చుంది.