స్టోరు బాబాయి పాస్‌వర్డు

మా ఆఫీసులో ఆమెను అందరూ తాళాలక్క అంటారు. నిజానికి ఆమె దగ్గర ఒక్క తాళంచెవి కూడా ఉండదు. బేరింగులు, బెల్టులు, పంపుల విడిభాగాలు టోకున అమ్మే కంపెనీ మాది. సరుకు రావడం నుంచి సెలవు చీటీ దాకా అన్నీ ఒకే సాఫ్ట్‌వేరులో నడుస్తాయి. అందులో ఎవరు ఏ పేజీ చూడొచ్చు, ఎవరు దిద్దొచ్చు, ఎవరు చెరపకూడదు అని చూసుకుని అనుమతులు పెట్టేది ఆమె. ఎవరెవరు ఎందుకు సెలవు పెట్టారో చూడాలని కొనుగోళ్ల మేనేజరు అడిగితే, "మీ పనికి అది అవసరం లేదు సార్" అని మొహం మీదే చెప్పింది. ఇంట్లోనూ ఇంతేనట. "ఫ్రిజ్ తెరవడానికి నాకు పర్మిషన్ ఉందా అమ్మా?" అని కూతురు ఆటపట్టిస్తుంది. ఆమెను రాతిమనిషి అనుకున్నవాళ్లలో డిస్పాచ్‌లో పనిచేసే నేనూ ఒకణ్ణి. అందుకే ఇది చెప్పాలనిపించింది.

నిరుడు పైనుంచి ఆర్డరు వచ్చింది. ఒకరి పాస్‌వర్డు ఇంకొకరు వాడకూడదు, ఎవరి లాగిన్ వాళ్లదే. వినడానికి ఎంత సబబుగా ఉందో! కానీ మా స్టోరులో సాఫ్ట్‌వేరు వచ్చిన రోజు నుంచీ నలుగురూ అక్కడి పెద్దాయన స్టోరు బాబాయి పాస్‌వర్డుతోనే పని చేసేవాళ్లు. అది బీరువా తలుపు లోపల సుద్దముక్కతో రాసి ఉండేది. దాచాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. ఆయనంటే అంత నమ్మకం.

ఆర్డరు అమలు చేసేముందు తాళాలక్క స్టోరు పాత ఎంట్రీలన్నీ తీసి చూసింది. పొద్దున బాబాయి ఎక్కించినవి మధ్యాహ్నం భోజనాల వేళ మళ్లీ దిద్ది ఉన్నాయి. ఎక్కువగా మూడూ ఎనిమిదీ తారుమారు. 6203 బేరింగు 6208 అవుతుంది, మధ్యాహ్నానికి మళ్లీ 6203. రోజుకు నాలుగైదు. దిద్దిన పేరూ బాబాయిదే. కానీ ఆ వేళకు బాబాయి క్యాంటీన్‌లో నా ఎదురుగా కూర్చుని క్యారియరు విప్పుతుంటాడు.

మర్నాడు ఆ వేళకు ఆమె స్టోరుకు వెళ్లింది. కంప్యూటరు ముందు ప్యాకింగ్ వదిన ఉంది. పెట్టెలు కట్టడమే తప్ప ఎంట్రీలు ఆమె పని కాదు. ఆఫీసులో అందరికీ ఆమె వదినే, బాబాయికి కూడా.

"ఆయనకు చూపు ఆనడం లేదక్కా," అంది వదిన కంగారుగా లేచి. "ఇక అద్దాలు మార్చినా లాభం లేదన్నారట. రిటైరవడానికి ఇంకా పది నెలలుంది. పెట్టెల మీద నంబర్లు చూసి నేనే సరిచేస్తున్నా. ఆయనకు తెలీదు. చెప్పకక్కా, నీకు పుణ్యముంటుంది."

తాళాలక్క తన బల్ల దగ్గరికి తిరిగి వచ్చి లెక్క వేసుకుంది. ఎవరి లాగిన్ వాళ్లకు ఇచ్చిన మర్నాడే ఈ దిద్దుబాట్లు ఆగిపోతాయి. తప్పులన్నీ బాబాయి పేరుతో బయటపడతాయి. ముప్పై ఏళ్ల మంచిపేరు వారంలో నీళ్లపాలవుతుంది. అలాగని రూలు తప్పడం ఆమెకు చేతకాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమెకు పార్టు నంబర్లు చదవడం నేర్పింది ఆయనే. ఆ వారమంతా అన్నం సయించలేదని తర్వాత నాతో చెప్పింది.

చివరికి ఒక దారి దొరికింది. స్టోరులో ఎవరు ఏ ఎంట్రీ చేసినా, పక్క మనిషి చూసి సరే అంటేనే స్టాకులోకి ఎక్కేలా, తప్పుంటే చేసినవాళ్లకే వెనక్కి వచ్చేలా అమర్చింది. బాబాయి ఒక్కడికే పెడితే వేలెత్తి చూపినట్టవుతుందని నలుగురికీ పెట్టింది. ఆయనవి చూసే పని వదినకు ఇచ్చింది. పని రెట్టింపు చేసిందని మేమంతా సణిగాం. నేనైతే నాలుగు మాటలు ఎక్కువే అన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పదిహేను రోజులకు బాబాయి ఆమె బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ఏదో కాగితం కోసం నేనూ అక్కడే ఉన్నాను.

"అమ్మాయ్, ఈ ఏర్పాటు అందరికీ పెట్టావు గానీ, నాకోసమే కదూ?"

ఆమె తల వంచుకుంది. అబద్ధం ఆడటమూ ఆమెకు చేతకాదు.

"వెనక్కి వచ్చేవన్నీ నావే," అన్నాడాయన. "ఇన్నాళ్లూ ఒక్కటీ బయటపడలేదంటే ఎవరో దిద్దుతున్నట్టేగా. కళ్లు పోయాయి గానీ బుర్ర ఉందిలే. భోజనాలకు రానిది వదినొక్కతే. నాకు ఎంట్రీ తీసేసి వదినకివ్వు."

"ఇంకో తొమ్మిది నెలలేగా బాబాయ్. ఇలాగే నడిచిపోతుంది. ఎవరికీ ఇబ్బంది లేదు."

"ఆవిడకుంది. ఏడాదిగా అన్నం మానుకుని ఆవిడ చేసిన పనంతా నా పేరున పడింది. ఇకనైనా ఆవిడ పేరున పడనీ."

"మరి మీరు?"

"చేత్తో తడిమితే ఏ సైజో చెప్తా. దానికి నీ పర్మిషన్ అక్కర్లేదుగా."

నవ్వబోయి నవ్వలేకపోయింది తాళాలక్క. ఆయన పేజీ తెరిచి ఎక్కించే హక్కు, దిద్దే హక్కు తీసేసింది. అవి వదినకు ఇచ్చింది. బాబాయి వదినను పిలిపించి, అక్కడే ఒక ఎంట్రీ చెయ్యమన్నాడు. ఆమె కళ్లు తుడుచుకుంటూ చేసింది.

తెర మీద ఎవరి పేరు పడిందని బాబాయి నన్ను అడిగాడు. చదివి చెప్పాను. ఇంకోసారి చదవమన్నాడు.